ఆకాశం నుంచి పంట అంచనా: లైసెన్సు ఒకరిది, బేరం ఇంకొకరిది
అరకు కాఫీ వర్తకులకు ఉపగ్రహ నిబంధనలతో ఏం పని?

అరకు, పాడేరు కాఫీ వ్యాపారంలో తేమ ఎంత, గింజ సైజు ఎంత, సరుకు పార్చ్‌మెంటా చెర్రీయా అన్న పాత ప్రశ్నల సరసన కొత్త ప్రశ్న ఒకటి వచ్చి చేరింది. ఈ సరుకు ఏ తోటది? ఆ తోట అక్షాంశం ఎంత, రేఖాంశం ఎంత? ఐరోపాకు కాఫీ పంపదలచిన ఎగుమతిదారు ఈ వివరం చేతిలో లేకుండా బేరం ముగించలేని రోజు దగ్గర పడింది. సంతలో కావిడి దించిన గిరిజన రైతును అక్షాంశం అడిగే వర్తకుడు నిన్నటివరకు లేడు. రేపు అడగక తప్పదు. ఎందుకంటే ఆ తోటను పైనుంచి చూసేవారు వేరే ఉన్నారు.

ఆ చూసేవారికి లైసెన్సు ఎవరిస్తారు, ఎంత సన్నగా చూడవచ్చు, చూసినది ఎవరికి అమ్మవచ్చు అన్న విషయాలు ఇంతవరకు శాస్త్రజ్ఞులకు, రక్షణ శాఖకు సంబంధించినవిగానే మన బజారు భావిస్తూ వచ్చింది. అది పొరపాటు. ఉపగ్రహ ఛాయాచిత్రాలకూ సరుకుల ధరలకూ సంబంధం యాభై ఏళ్ల నాటిది.

1972లో సోవియట్ యూనియన్‌లో పంట దెబ్బతిన్నది. ఆ సంగతి బయటికి పొక్కకుండా ఆ ప్రభుత్వ కొనుగోలుదార్లు అమెరికా ధాన్యపు కంపెనీలతో విడివిడిగా బేరాలు కుదుర్చుకుని కోటి టన్నులకు పైబడిన గోధుమ కొనేశారు. ఒక కంపెనీ ఎంత అమ్మిందో పక్క కంపెనీకి తెలియదు. అమెరికా ప్రభుత్వానికీ తెలియదు సరికదా, ఎగుమతులకు సబ్సిడీ కూడా ఇస్తూ పోయింది. గుట్టు బయటపడేసరికి సరుకు చేతులు మారిపోయింది. మరుసటి ఏడాదికి గోధుమ ధర రెట్టింపు దాటింది. అదే 1972 జూలైలో అమెరికా తొలి భూపరిశీలన ఉపగ్రహం లాండ్‌శాట్-1 కక్ష్యలోకి వెళ్లడం కేవలం యాదృచ్ఛికం. అయితే 1974లో ఆ చిత్రాలతో ఇతర దేశాల గోధుమ పంటను అంచనా కట్టే భారీ ప్రయోగం మొదలుపెట్టడం మాత్రం యాదృచ్ఛికం కాదు. దెబ్బతిన్న వర్తకుడు చేసే పనే అది. 1977లో సోవియట్ గోధుమ దిగుబడి తగ్గుతుందని ఆ ప్రయోగం ముందుగానే పసిగట్టింది.

కాఫీకీ ఇటువంటి చరిత్రే ఉన్నది. 1975 జూలైలో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో పడిన నల్ల మంచుకు తోటలు మాడిపోయాయి. పౌను డాలరు కూడా లేని కాఫీ 1977 ఏప్రిల్ నాటికి న్యూయార్క్‌లో 3 డాలర్లు దాటింది. 2021 జూలైలో మళ్లీ మంచు పడినప్పుడు పరిస్థితి వేరు. తోట ఎంత మేర మాడిందో కొద్ది రోజులలోనే ఉపగ్రహ చిత్రాలలో చూసుకున్నవారున్నారు. 2025 ఫిబ్రవరిలో అరబికా పౌను 4 డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. ఆ వాయిదా ధరల నీడ పాడేరు సంత దాకా పడుతుంది. అక్కడి రైతుకు ఆ ధర ఎందుకు పెరిగిందో, ఎందుకు పడిందో చెప్పే నాథుడే ఉండడు.

కాఫీ పూలు, చిత్రాల పూలు

మన దేశంలో రిమోట్ సెన్సింగ్ పుట్టినది కూడా ఒక వాణిజ్య పంట మీదనే. 1970 ప్రాంతంలో ప్రొఫెసర్ పిషరోటి బృందం కేరళ కొబ్బరి తోటల మీద హెలికాప్టరులో తిరిగి, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో ఫోటోలు తీసి, వేరు తెగులు సోకిన చెట్లను పైనుంచే గుర్తుపట్టింది. 1974లో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడి సికిందరాబాదులో పని ప్రారంభించింది. 1979లో షాద్‌నగర్ వద్ద లాండ్‌శాట్ సంకేతాలను అందుకునే కేంద్రం వెలిసింది. 1988 మార్చి 17న సోవియట్ రాకెట్ మీద మన సొంత ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ ఎగిరింది. ఇదంతా తెలుగుగడ్డ మీద, లేదా దాని చుట్టూ జరిగిన చరిత్ర. బాలానగర్ గదులలో తయారైన చిత్రాలు ప్రపంచమంతటా అమ్ముడుపోయాయి. 1995 డిసెంబరులో ఎగిరిన ఐఆర్ఎస్-1సి తీసే 5.8 మీటర్ల చిత్రాలు అప్పట్లో పౌర ఉపగ్రహాలలో మేటి.

అయితే అమ్మకం విధానం ఎలా ఉండేది? ఈ పేజీ చదువరులలో పెద్దవారికి కాఫీ పూల్ గుర్తుండే ఉంటుంది. 1942 చట్టం కింద పండిన ప్రతి గింజా కాఫీ బోర్డుకు అప్పగించవలసిందే. బోర్డు వేలం వేస్తుంది, వాటా తరువాత వస్తుంది. సొంత బేరం నేరం. ఆ కట్టుబాటు 1990ల ఆరంభం నుంచి సడలుతూ వచ్చి 1996లో పూర్తిగా తొలగింది. ఉపగ్రహ చిత్రాలకు సరిగ్గా ఇటువంటి పూల్ ఒకటి అప్పుడే బిగుసుకుంటూ ఉన్నది. 2001 నాటి రిమోట్ సెన్సింగ్ సమాచార విధానం ప్రకారం దేశంలో చిత్రం ఎవరికి కావాలన్నా, అది స్వదేశీ ఉపగ్రహానిదైనా విదేశీదైనా, ఆ ఒక్క ఏజెన్సీ కిటికీ ముందే నిలబడాలి. 5.8 మీటర్ల దాకా అడిగినవారికి అడిగినట్టు ఇస్తారు. అంతకంటె సన్నని చిత్రమైతే పరిశీలన ఉంటుంది. 2011లో ఈ గీతను 1 మీటరుకు జరిపారు. మీటరు కంటె సన్నని చిత్రం ప్రైవేటు మనిషికి కావాలంటే ప్రభుత్వ శాఖ సిఫారసైనా ఉండాలి, లేదా ప్రత్యేక కమిటీ అనుమతి అయినా ఉండాలి. సున్నిత ప్రాంతాలకైతే ఇంకా షరతులు. తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖలో ఉన్నందున తీరం వైపు పటాల విషయంలో మన ప్రాంతంవారికి ఈ షరతుల రుచి బాగానే తెలుసు.

మీటర్ల లెక్క కొండ మీద

ఇక్కడ కాగితం, పెన్సిలు తీసుకుని చిన్న లెక్క వేసుకోవడం మంచిది. ఎకరా అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. లాండ్‌శాట్-1 చిత్రంలో ఒక చుక్క సుమారు 80 మీటర్ల చతురస్రం, అంటే ఎకరంన్నర పైమాటే. ఐఆర్ఎస్-1ఎ మొదటి కెమెరాలో చుక్క 72.5 మీటర్లు. అదీ ఎకరం దాటింది. అంటే అనంతగిరిలోనో డుంబ్రిగుడలోనో ఎకరం తోట ఉన్న రైతు ఆ చిత్రంలో ఒక్క చుక్కయినా కాడు. 5.8 మీటర్ల చిత్రంలో అదే ఎకరం 120 చుక్కలవుతుంది. ఒక మీటరు చిత్రంలో నాలుగు వేల పైచిలుకు. ఈనాడు ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహాలు 10 మీటర్ల చిత్రాన్ని అయిదు రోజులకొకసారి తీసి, పైసా తీసుకోకుండా లోకమంతటికీ ఇస్తున్నాయి. అందులో ఎకరం తోట నలభై చుక్కలు.

లైసెన్సు నిబంధనలు రాసినవారు దృష్టి పెట్టినది చిత్రం ఎంత సన్నగా ఉందన్న దాని మీద. ఓడరేవు, విమానాశ్రయం, శిబిరం కనబడరాదన్నది వారి భయం, అది న్యాయమైనదే. వర్తకుడికి కావలసినది సన్నదనం కాదు, తాజాదనం. చిత్రం ఎన్ని రోజుల నాటిది? ఐఆర్ఎస్-1ఎ ఒకే చోటికి తిరిగి రావడానికి 22 రోజులు పట్టేది. ఆ రోజున మబ్బు పట్టిందా, మళ్లీ 22 రోజులు. దరఖాస్తు, చెల్లింపు, పరిశీలన, పోస్టు కలుపుకుంటే చిత్రం చేతికొచ్చేసరికి పంట గోదాములో ఉంటుంది. ఇప్పుడు కొన్ని విదేశీ కంపెనీలు మూడు మీటర్ల చిత్రాన్ని రోజూ తీస్తున్నాయి. పసుపు చేను, గోధుమ చేను, సోయా చేను రోజురోజుకు ఎలా ఎదుగుతున్నదో చందా కట్టినవాడు చూసుకుంటున్నాడు. చందా కట్టనివాడు సర్కారు అంచనా కోసం ఎదురు చూస్తున్నాడు. ప్రభుత్వం పంట అంచనా ప్రకటించే రోజున అందరికీ ఒకే గంటకు చెప్పాలన్న నియమం చాలా దేశాలలో ఉన్నది. ప్రైవేటు ఉపగ్రహం చూసిన దానికి అటువంటి గంట లేదు.

పూల్ తలుపులు తెరిచారు

2020 జూన్‌లో అంతరిక్ష రంగాన్ని ప్రైవేటు సంస్థలకు తెరుస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. అనుమతులు ఇవ్వడానికి ఇన్-స్పేస్ అనే సంస్థ ఏర్పడింది, దాని కార్యాలయం అహమ్మదాబాదులో ఉన్నది. 2023లో కొత్త అంతరిక్ష విధానం వచ్చింది. దాని ప్రకారం ప్రైవేటు సంస్థ సొంతంగా ఉపగ్రహం కట్టుకోవచ్చు, కొనుక్కోవచ్చు, అద్దెకు తీసుకోవచ్చు, చిత్రాలు అమ్ముకోవచ్చు, అనుమతి ఇన్-స్పేస్ నుంచి తీసుకోవాలి. ప్రభుత్వ ఉపగ్రహాల చిత్రాలలో 5 మీటర్లు, అంతకంటె ముతకవి అందరికీ ఉచితం. అంతకంటె సన్నవి ప్రభుత్వ శాఖలకు ఉచితం, బయటివారికి ధరకు. 2024 మే నెలలో ఇన్-స్పేస్ తన నియమావళిని వెలువరించింది. అదే ఏడాది ఉపగ్రహాల తయారీ, నిర్వహణ, చిత్రాల వ్యాపారంలో 74 శాతం దాకా విదేశీ పెట్టుబడి ముందస్తు అనుమతి లేకుండా రావచ్చన్నారు. 2025 ఆగస్టులో పన్నెండు భూపరిశీలన ఉపగ్రహాలను 1,200 కోట్ల రూపాయలకు పైగా పెట్టుబడితో నిర్మించే పని బెంగుళూరు పిక్సెల్ కంపెనీ నాయకత్వంలోని కూటమికి దక్కింది. హైదరాబాదుకు చెందిన ధ్రువ స్పేస్ అందులో భాగస్వామి.

ఇంత జరిగినా వీటన్నిటి వెనుక పార్లమెంటు చేసిన అంతరిక్ష చట్టం లేదు. 2017లో ముసాయిదా ఒకటి వచ్చి ఆగిపోయింది. విధానం, మార్గదర్శకాలు, అనుమతి పత్రాలు, వీటి మీదే బండి నడుస్తున్నది. లెవీ ఉత్తర్వులు రాత్రికి రాత్రి మారడం చూసిన మన వర్తకులకు చట్టానికీ ఉత్తర్వుకూ తేడా విడమరచి చెప్పనక్కరలేదు.

అమెరికాలో తొలి చట్టం 1984లోనే వచ్చింది. ప్రభుత్వ లాండ్‌శాట్‌ను ప్రైవేటు చేతికి అప్పగిస్తే ధర ఆకాశానికంటి కొనేవారు తగ్గిపోయారు. 1992లో చట్టాన్ని మార్చి ఉపగ్రహాన్ని తిరిగి సర్కారు గూటికి చేర్చుకున్నారు, ప్రైవేటువారికి విడిగా లైసెన్సులు మొదలుపెట్టారు. 2008లో లాండ్‌శాట్ చిత్రాలను పూర్తిగా ఉచితం చేశాక వాడకం ఎన్నో రెట్లు పెరిగింది. లైసెన్సులో ఒక షరతు ఉంటుంది. అవసరమైతే ఫలానా చోట చిత్రాలు తీయడం ఆపమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. 2001 అక్టోబరులో ఆఫ్ఘనిస్తాన్ యుద్ధ సమయంలో ఆ అధికారం వాడారా అంటే, లేదు. ఇకోనాస్ ఉపగ్రహం ఆ దేశం మీద తీసే చిత్రాలన్నిటి హక్కునూ నెలకు సుమారు 19 లక్షల డాలర్లకు అమెరికా ప్రభుత్వమే గుత్తగా కొనేసుకుంది. బజారులో సరుకంతా ఎత్తి గోదాముకు తాళం వేసినట్టే. నిషేధం లేదు, సరుకూ లేదు. ఈ ఒక్క ఉదాహరణ లైసెన్సు నియమాల పుస్తకం మొత్తం చదివినదానికంటె ఎక్కువ చెబుతుంది. ప్రైవేటు ఉపగ్రహం చిత్రాన్ని ఒకే కొనుగోలుదారుకు అమ్ముకోవచ్చా అన్నది మన దేశంలోనూ ఈ పన్నెండు ఉపగ్రహాలు ఎగిరేలోగా వర్తక సంఘాలు అడగవలసిన ప్రశ్న. వాణిజ్య మండలి ఏదీ ఇంతవరకు గట్టిగా అడిగినట్టు కానరాదు.

నీడ కింద తోట

ఇక కొండల మీదికి వద్దాం. బ్రెజిల్ తోట ఎండలో పెరుగుతుంది, పైనుంచి ప్రతి వరుసా కనబడుతుంది. మన అరకు కాఫీ సిల్వర్ ఓక్ నీడన పెరుగుతుంది. ఆ ఓక్ చెట్టుకే మిరియం తీగ పాకుతుంది. ఉపగ్రహానికి కనబడేది ఓక్ కొమ్మ, కాఫీ కాదు. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బు. పూత వచ్చినదీ లేనిదీ, కాయ కట్టినదీ లేనిదీ పైనుంచి తెలియదు. అందుకే కాఫీ బోర్డు నేటికీ పూత తరువాత ఒకసారి, వర్షాల తరువాత ఒకసారి మనుషులను తోటలకు పంపి అంచనా కడుతున్నది. 2025లో అరకు మండలంలో కాయ తొలిచే పురుగు కనబడినప్పుడు దానిని పట్టినది ఉపగ్రహం కాదు. కాయ కొసన సూదిపోటంత రంధ్రాన్ని చూసిన మనిషి కన్ను. ఆ కాయలు సేకరించి నాశనం చేయించవలసి వచ్చింది.

మబ్బును చీల్చుకు చూసే రాడార్ ఉపగ్రహాలు ఉన్నాయి. 2012లో మన రీశాట్-1, 2022లో దాని వారసుడు, 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి అమెరికాతో కలిసి పంపిన నైసార్ ఈ కోవలోవే. వరి నాట్లకు ఇవి బాగా పనికొస్తాయి. నీడ తోటలో కాయ లెక్కకు కాదు. వర్షాలు వెనుదీశాక పసుపుపచ్చగా పూసే వలిసెలు, బయలు చేలలో వేసే రాజ్మా, చోళ్ల విస్తీర్ణం మాత్రం పైనుంచి చూసి అంచనా వేయవచ్చు. రాజ్మా కొనే మైదాన ప్రాంత వర్తకులకు ఇది ఉపయోగపడే విషయం. కాఫీ దిగుబడి ఇంత అని ఉపగ్రహ లెక్క చూపి ముందస్తు బేరానికి వచ్చేవారిని మాత్రం నాలుగు ప్రశ్నలు వేసిన తరువాతే నమ్మాలి.

అయితే దిగుబడి తెలియని ఆ ఉపగ్రహమే మన కాఫీని ఐరోపా రేవులో ఆపగలదు. అడవి నరికి పండించిన కాఫీ, కోకో, రబ్బరు వంటి ఏడు సరుకులను ఐరోపా సమాఖ్య తన బజారులోకి రానివ్వనన్నది. 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన భూమిలో పండినదైతే చెల్లదు. రెండుసార్లు వాయిదా పడిన ఈ నిబంధన పెద్ద, మధ్యతరహా కంపెనీలకు 2026 డిసెంబరు 30 నుంచి, చిన్నవారికి 2027 జూన్ 30 నుంచి అమలు కావాలి. నాలుగు హెక్టార్ల లోపు తోటకు ఒక్క బిందువు చాలు, అంతకు మించితే సరిహద్దు మొత్తం గీయాలి. మన గిరిజన రైతుల తోటలు ఎకరం, రెండెకరాలే కనుక బిందువుతో సరిపోతుంది. 2025 మేలో భారతదేశాన్ని తక్కువ ప్రమాదం ఉన్న దేశాల జాబితాలో చేర్చడం కొంత ఊరట. తనిఖీలు తగ్గుతాయి. బిందువు అక్కరలేకుండా మాత్రం పోదు.

చిక్కు కంటైనరు దగ్గర వస్తుంది. ఒక్కో రైతు నుంచి నూరు కిలోల శుద్ధి గింజ వస్తుందనుకుంటే, 18 టన్నుల కంటైనరుకు 180 తోటల బిందువులు కావాలి. అందులో ఊరూ పేరూ తెలియని నాలుగు బస్తాలు కలిస్తే ఆ లాటు మొత్తానికి ముప్పు. తెలిసినదీ తెలియనిదీ కలిపి నిష్పత్తి చెప్పుకునే వెసులుబాటు ఈ నిబంధనలో లేదు. అడితి దుకాణంలో పది సంతల సరుకు ఒక్క కుప్పగా పోసే మన అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధం. గిరిజన సహకార సంస్థ, పాడేరు ఐటీడీఏ, నాంది వంటి సంస్థల ద్వారా వచ్చే సరుకుకు రైతు పేరు పుస్తకంలో ఉంటుంది. సంతలో నగదిచ్చి కొనే ప్రైవేటు వర్తకుడి పుస్తకంలో బరువు, ధర తప్ప మరేమీ ఉండదు. రైతుకు అప్పటికప్పుడు డబ్బు ముట్టేది మాత్రం ఈ రెండోవాడి చేతి నుంచే. ఆ దారి మూసుకుపోతే రైతుకు బేరమాడే చోటు ఒకటి తగ్గుతుంది.

ఇంకొక చిక్కు నీడ చెట్టుది. పది మీటర్ల పటంలో సిల్వర్ ఓక్ తోట అడవిలాగే కనబడుతుంది. కాఫీ అడవి కాదు, వ్యవసాయమే అని ఐరోపా నిబంధనలోని నిర్వచనం ఒప్పుకుంటుంది. పటం గీసే యంత్రానికి ఆ నిర్వచనం తెలియదు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను అనంతగిరి, అరకు తోటల్లో నీడ చెట్లను కుప్పకూల్చింది. అటువంటి గాలి 2020 తరువాత వీచి ఉంటే, ముందు పచ్చగా, తరువాత బోడిగా ఉన్న రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి అడవి నరికారని అనడానికి ఏ అధికారికైనా వీలు ఉండేది. కలప కోసం రైతు నాలుగు ఓక్ చెట్లు కొట్టినా అంతే.

చిత్రమే సాక్ష్యమైతే ఎదురు సాక్ష్యం ఏది? అటవీ హక్కుల చట్టం అమలులో ఈ తగాదా ముందే వచ్చింది. పోడు భూమి ఎప్పటినుంచి సాగులో ఉందో ఉపగ్రహ చిత్రం చూసి తేల్చేసి, చిత్రంలో కనబడలేదని దరఖాస్తులు కొట్టేస్తున్నారన్న ఫిర్యాదులు పలు రాష్ట్రాల నుంచి వచ్చాయి. 2012లో సవరించిన నియమాలలో ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా మాత్రమే ఉండవచ్చు, వాటి స్థానంలోకి రారాదని స్పష్టంగా రాశారు. గ్రామసభ మాట, పెద్దల వాంగ్మూలం, పాత రశీదు అన్నీ లెక్కలోకి రావాలి. ఎగుమతి వ్యాపారంలోనూ ఈ నియమాన్నే పట్టుకు వాదించవలసిన రోజు వస్తుందని ఈ పేజీ అభిప్రాయం. చేతిలో హక్కుపత్రం, మొక్క నాటిన ఏడాది రాసిన ఐటీడీఏ రికార్డు, నీడ చెట్టు ఎందుకు పడిందో చెప్పే పంచనామా ఉన్న సరుకే అప్పుడు నిలబడుతుంది.

చూడబడే దేశానికి తన భూమి చిత్రాలు వివక్ష లేకుండా, సరసమైన ధరకు అందాలని 1986 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది. అంతకుముందు బ్రెజిల్ వంటి దేశాలు, మమ్మల్ని అడగకుండా మా నేల ఫోటో తీయరాదని పట్టుబట్టాయి. ఆ మాట చెల్లలేదు. తీర్మానం దేశం గురించి చెప్పింది కాని ఊరి గురించి, తోట గురించి చెప్పలేదు. గాలికొండ, రక్తకొండల కింద బాక్సైటు ఎంత ఉన్నదో సర్వేలు రాబట్టి చెప్పగలిగాయి. ఆ కొండల మీద పంట ఎంత, దాని ధర రేపెంత అన్నది మాత్రం కొండవాడికి చివరకే తెలుస్తున్నది.

వచ్చే పంట కోత నవంబరులో మొదలవుతుంది. ఆ సరుకు ఓడ ఎక్కేసరికి 2027 వస్తుంది. పెద్ద కొనుగోలుదార్లకు గడువు అప్పటికే దాటి ఉంటుంది. కాఫీ బోర్డు రైతుల తోటల వివరాలు నమోదు చేయించే పని చేపట్టింది. సంతల్లో కొనే వర్తకులు ఆ నమోదు సంఖ్యను బస్తా చీటీ మీద రాయించుకోవడం, నమోదైన తోటల సరుకును వేరు కుప్పగా ఉంచడం వేసవిలోనే మొదలుపెట్టవచ్చు. దానికి ఏ ఉపగ్రహమూ అక్కరలేదు, లైసెన్సూ అక్కరలేదు. రెండు రంగుల చీటీలు, ఒక పుస్తకం, సంతలో ఒక గుమాస్తా కావాలి. ఖర్చు కిలోకు ఎంత పడుతుంది, దానిని రైతు ధరలో కోస్తారా, కొనుగోలుదారు మీద వేస్తారా అన్నదే విశాఖ, నర్సీపట్నం వర్తకులు ఇంకా తేల్చుకోవలసిన విషయం.